రోన్ అంటే ఇల్లే: మన ఇంటి నుంచి ప్రపంచంలోని ఇళ్ల దాకా

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వాళ్లు నన్ను ఆదివాసీ ఇంటి గురించి మాట్లాడమన్నారు. గుస్సాడీ గురించో, దండారి గురించో, జోడేఘాట్ పోరాటం గురించో నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఇంటి గురించి చెప్పడానికి ఏముంటుంది అని మొదట అనుకున్నాను. తర్వాత మా హాస్టల్‌లో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చి సరే అన్నాను.

నేను బాలికల హాస్టల్ వార్డెన్‌ని. బీఈడీ చేశాను కాబట్టి సాయంత్రం స్టడీ అవర్‌లో కింది తరగతుల పిల్లలను నేనే చదివిస్తాను. ఒకరోజు ఏడో తరగతి పిల్లలను 'మా ఇల్లు' అనే అంశం మీద పది వాక్యాలు రాయమన్నాను. నోటుబుక్కులు తీసి చూస్తే దాదాపు అన్నింటిలోనూ ఒకే ఇల్లు ఉంది. మా ఇల్లు చాలా పెద్దది. మా ఇంట్లో నాలుగు గదులున్నాయి. హాలులో సోఫా ఉంది. ఇంటి ముందు పూలతోట ఉంది. అది గైడులో ఉన్న ఇల్లు.

ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "మీ ఇంటి ముందు పూలతోట ఉందా బిడ్డా?" "లేదు మేడం, పందిరి ఉంది. దాని మీద సొర తీగ, బీర తీగ ఉన్నయి." "మరి అదే రాయొచ్చు కదా?" ఆ పిల్ల తల వంచుకుని, "మాది కచ్చా ఇల్లు మేడం. అది రాస్తే మార్కులు వేస్తరా?" అంది.

పదమూడేళ్ల పిల్ల తన ఇంటిని తానే కొట్టేసుకుని, ఎవరిదో ఇంటిని తన నోటుబుక్కులో కట్టుకుంది. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు.

బీఈడీలో మాకు ఒక బోధనా సూత్రం చెప్పారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలి, దగ్గర నుంచి దూరానికి వెళ్లాలి అని. అందుకే ముందు మన ఇంటి దగ్గరే మొదలుపెడతాను.

నేను పుట్టిన ఇల్లు ఉట్నూరు గుట్టల మీది ఒక గూడెంలో ఉంది. నాలుగు మూలలా, మధ్యలో కట్టె గుంజలు. గుంజల మధ్య వెదురు తడికలు. మా పక్క గూడెం కొలాములు ఆ తడికలు అల్లేవారు. వెదురు పనిలో వాళ్ల చేతిని మించిన చేయి మా దిక్కున లేదు. తడికకు రెండు వైపులా ఎర్రమన్ను, పేడ, గడ్డి ముక్కలు కలిపి తొక్కిన ముద్దతో పూత. పైన మొదట గడ్డి కప్పు ఉండేదట. నాకు తెలివి వచ్చేసరికి గూన పెంకులు వేశారు. ముందు వసారా. చూరు ఎంత కిందికి ఉండేదంటే పెద్దవాళ్లు తల వంచి లోపలికి రావాలి. ఆ చూరు వల్లనే వాన జల్లు మట్టిగోడను తాకేది కాదు, ఎండాకాలం ఎండ గోడ మీద పడేది కాదు.

లోపల ఒక మూల పొయ్యి. పొయ్యి పైన అటక. అటక కింద విత్తనాల కోసం దాచిన జొన్న కంకులు, మక్క కంకులు వేలాడేవి. పొగ తగిలితే వాటికి పురుగు పట్టదు. వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మిలో ధాన్యం. ఒక మూల పెద్దలకు పెట్టే చోటు. కొత్త పంట ఇంటికి వస్తే ముందు అక్కడే పెట్టేవాళ్లం. ఇంటి పక్కన పశువుల కొట్టం. దీపావళికి పక్క ఊరి దండారి బృందం వస్తే పందిరి కింద, వసారాలో, వాకిట్లో ఎంతమందికైనా చోటు దొరికేది.

మా దిక్కున ఎండాకాలం 44, 45 డిగ్రీలు పోతుంది. చలికాలం కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీలకు పడుతుంది. మట్టిగోడ మందంగా ఉంటే పగటి వేడి లోపలికి రావడానికి చాలా సమయం పడుతుంది. రాత్రి చలి కూడా అంతే. కరెంటు లేని రోజుల్లో, ఫ్యాను లేకుండా ఆ ఇంట్లో మనుషులు, విత్తనాలు, పెద్దల గుర్తులు అన్నీ సర్దుకున్నాయి. వియన్నాలో పుట్టి లండన్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ 1940లలో మార్లవాయికి వచ్చినప్పుడు మన గూడెం ఇళ్లలాంటి ఇంట్లోనే ఉన్నారు. 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది కూడా ఆ మార్లవాయిలోనే.

ఇక 'కచ్చా' అనే మాట. సర్వే చేసేవాళ్లు వస్తారు. గోడ దేనితో, కప్పు దేనితో అని అడుగుతారు. మట్టి, వెదురు, గడ్డి అని చెబితే కచ్చా అని రాసుకుంటారు. సిమెంటు, ఇటుక, స్లాబు అంటే పక్కా. కచ్చా అంటే పచ్చిది, ఇంకా తయారు కానిది అని అర్థం. ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడానికి ఫారంలో ఆ గడి అవసరమే, కాదనను. కానీ ఆ గడిలోని మాట పిల్లల నోటికి వచ్చేసరికి 'మేమే కచ్చా మనుషులం' అన్నట్టు మారిపోతోంది. అది నాకు బాధ.

ఇప్పుడు దగ్గర నుంచి దూరానికి వెళ్దాం.

ఉత్తర ధ్రువం దగ్గర, కెనడాలో ఇన్యూట్ ప్రజలు ఉన్నారు. మంచు దిమ్మెలతో కట్టే 'ఇగ్లూ' వాళ్లదే. మన పుస్తకాల్లో బొమ్మ ఉంటుంది. ఇన్యూట్ భాషలో ఆ మాటకు అర్థం ఇల్లు, అంతే. మన గోండీలో రోన్ అన్నట్టు, కోయలో లోన్ అన్నట్టు, కొలామీలో ఎల్ల అన్నట్టు. మంచు ఇల్లు వాళ్లు ఏడాదంతా ఉండేది కాదు, చలికాలం వేటకు వెళ్లినప్పుడు కట్టుకునేది. గట్టిపడిన మంచులో గాలి చిక్కుకుని ఉంటుంది. అది వేడిని బయటికి పోనివ్వదు. పడుకునే అరుగు ఎత్తులో, వచ్చే దారి పల్లంలో ఉంటాయి. చల్లగాలి బరువు కాబట్టి కిందికి దిగుతుంది, వెచ్చదనం పైన అరుగు మీద నిలుస్తుంది. ఇది భౌతికశాస్త్రం. ఆ శాస్త్రాన్ని వాళ్లు చేతులతో రాసుకున్నారు.

మంగోలియాలో పశువుల మందలతో తిరిగేవాళ్ల ఇల్లు 'గెర్'. కట్టె జాలీని గుండ్రంగా నిలబెట్టి, గొర్రె ఉన్నిని అదిమి చేసిన మందపాటి దుప్పట్లు చుట్టూ కప్పుతారు. మధ్యలో పొయ్యి, ద్వారం దక్షిణానికి. కొన్ని గంటల్లో విప్పి, ఒంటెల మీద వేసుకుని వేరే మేతభూమికి పోతారు. చలి సున్నాకు 30 డిగ్రీలు కిందికి పోయే నేల అది. ఈ గెర్ కట్టే పనితనాన్ని యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

జపాన్‌లో షిరకవా-గో అనే కొండ ఊరు ఉంది. అక్కడ మంచు విపరీతంగా కురుస్తుంది. అందుకని గడ్డి కప్పును చాలా ఏటవాలుగా వేస్తారు, మంచు జారిపోతుంది. ఆ ఇంటి పేరు 'గష్షో', అంటే జోడించిన చేతులు. రెండు చేతులతో దండం పెట్టినట్టు ఉంటుంది కప్పు. పై అటకల్లో పట్టుపురుగులు పెంచేవారు. 30, 40 ఏళ్లకోసారి కప్పు మార్చాలి. ఊరంతా కలిసి ఒకటి రెండు రోజుల్లో మారుస్తారు. ఈ రోజు నీ ఇంటికి మేము వస్తాం, రేపు మా ఇంటికి నువ్వు రావాలి. దాన్ని వాళ్లు 'యుయి' అంటారు. పెంకు సర్దే రోజు మన గూడెంలో అందరూ వచ్చేవారు కదా, అదే. 1995 నుంచి ఆ ఊరు ప్రపంచ వారసత్వ సంపద. గడ్డి ఇళ్లను చూడటానికి దేశదేశాల నుంచి జనం టికెట్లు కొనుక్కుని వస్తున్నారు.

ఇంగ్లండ్‌లో డెవాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ మట్టి, గడ్డి కలిపి తొక్కి గోడలు పెట్టిన ఇళ్లు వందల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. ఆ మట్టిని 'కాబ్' అంటారు. వాటిలో చాలావాటికి గడ్డి కప్పే. అలాంటి పాత ఇళ్లను ప్రభుత్వం జాబితాలో చేర్చి కాపాడుతుంది. సొంతదారుడు కూడా అనుమతి లేకుండా ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. యెమెన్‌లో షిబాం అనే పట్టణంలో ఎండిన మట్టి ఇటుకలతో 7 అంతస్తుల దాకా కట్టిన ఇళ్లున్నాయి. వాటిలో చాలావరకు 16వ శతాబ్దానివి. మట్టి అంటే కచ్చా అనే లెక్క ప్రకారం ఇవన్నీ కచ్చా ఇళ్లే!

ఇల్లు అంటే గోడలే కాదు, పక్కింటివాళ్లతో ఉండే తీరు కూడా. మలేషియాలోని సారవాక్‌లో ఇబాన్ ఆదివాసుల పొడవైన ఇళ్లున్నాయి. ఒకే కప్పు కింద వరుసగా కుటుంబాల గదులు, అన్నిటి ముందు ఒకే పొడవాటి వసారా. చాపలు అల్లేది, ధాన్యం దంచేది, పంచాయతీ పెట్టేది, అతిథిని కూర్చోబెట్టేది అన్నీ ఆ వసారాలోనే. ఆ ఇల్లు ఎంత పెద్దది అని అడిగితే ఇన్ని తలుపులు అని చెబుతారు. తలుపుకు ఒక కుటుంబం.

పెద్ద నగరాలకు వస్తే సింగపూర్‌లో పదిమందిలో ఎనిమిదిమంది దాకా ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. ఇల్లు కొనుక్కున్నా అది 99 ఏళ్ల లీజు. అంత ఇరుకు దేశంలోనూ చాలా బిల్డింగుల కింది అంతస్తును ఖాళీగా వదిలేశారు. అక్కడే పెళ్లిళ్లు చేస్తారు, అక్కడే చావు దగ్గర కూర్చుంటారు. జర్మనీలో సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉంటారు. అద్దెకు ఉండటం అక్కడ తక్కువతనం కాదు. సొంత ఇల్లు లేకపోతే పరువు లేదు అనే లెక్క కూడా అన్ని దేశాల్లో ఒకటి కాదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. ఏ ఇంటినైనా నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎండను, చలిని, వానను ఎలా తట్టుకుంటుంది? దేనితో కట్టారు, అది ఎక్కడ దొరుకుతుంది? పాడైతే బాగుచేసేది ఎవరు? నలుగురు వస్తే ఎక్కడ కూర్చుంటారు? గోడ సిమెంటా, మన్నా అన్నది ఈ ప్రశ్నల తర్వాత వస్తుంది.

అయితే పాత ఇంట్లో అంతా బాగుందని నేను అనను. పొయ్యి పొగకు మా అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఎండాకాలం గడ్డి కప్పుకు నిప్పంటుకుంటే వరుసంతా కాలిపోయేది. చెదలు, తేళ్లు, పాములు. మరుగుదొడ్డి లేదు. పండుగ వస్తే గోడలు అలికేది, పూసేది ఆడవాళ్లే. స్లాబు ఇల్లు వచ్చాక ఏం సుఖం అని మా వదినను అడిగితే "అలుకుడు తప్పింది" అంది. ఆమె మాటకు నేను ఎదురు చెప్పలేను. ఇంకో సంగతి, ఇప్పుడు గూన పెంకు చేసే కుమ్మరి దొరకడం లేదు. ఉన్న పెంకులను కోతులు పగలగొడుతున్నాయి. కలపకు, వెదురుకు అడవిలోకి పోతే అడ్డంకులు. అందుకే ఇనుప రేకులు వేస్తున్నారు. వాటి కింద మధ్యాహ్నం పసిపిల్లను పడుకోబెట్టలేం.

వేరే దేశాల్లోనూ ఇలాగే జరిగింది. మంగోలియాలో పల్లె వదిలి రాజధాని ఉలాన్‌బాటర్‌కు వచ్చినవాళ్లు నగరం చుట్టూ గెర్‌లు వేసుకున్నారు. మైదానంలో చక్కగా పనికొచ్చిన ఇల్లు, వేలకు వేలు ఒకచోట చేరి బొగ్గు పొయ్యిలు వెలిగించేసరికి నగరం పొగతో నిండిపోయింది. 2019లో అక్కడ ముడి బొగ్గు కాల్చడాన్ని నిషేధించాల్సి వచ్చింది. చోటు మారితే ఇల్లు కూడా మారాలి.

కానీ ఎవరిని అడిగి మార్చాలి? ఇన్యూట్ ప్రజలను కెనడా ప్రభుత్వం గత శతాబ్దం మధ్యలో ఊళ్లలో స్థిరపరిచి, దక్షిణాది నమూనాలో చెక్క ఇళ్లు కట్టించింది. వేటాడి తెచ్చిన సీల్‌ను నలుగురూ కూర్చుని కోసి పంచుకోవడానికి ఆ ఇళ్లలో చోటు లేదని వాళ్లు చెబుతూ వచ్చారు. ఈ రోజుకీ నునావుట్ ప్రాంతంలో ఇళ్లు చాలక ఒక్కో ఇంట్లో కిక్కిరిసి ఉంటున్నారు. ఈజిప్టులో హసన్ ఫతీ అనే గొప్ప ఆర్కిటెక్టు 1940లలో కొత్త గుర్నా అనే ఊరిని అందమైన మట్టి ఇళ్లతో కట్టాడు. కానీ చాలామంది గుర్నా జనం అక్కడికి పోవడానికి ఒప్పుకోలేదు. వాళ్ల బతుకుతెరువు పాత ఊరి దగ్గరే ఉంది. మట్టితో కట్టినా, సిమెంటుతో కట్టినా, ఉండేవాళ్లకు నచ్చకపోతే అది ఖాళీ ఇల్లే.

ఇప్పుడు మన గూడేలకు కొత్త ఇళ్లు వస్తున్నాయి. రావాలి కూడా. రాష్ట్ర ప్రభుత్వ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు, కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. కేంద్ర ప్రభుత్వ గ్రామీణ ఆవాస్ యోజనలో కనీస కొలత 25 చదరపు మీటర్లు, వంటకు చోటుతో సహా. కొలాం, తోటి కుటుంబాలకు 2023లో మొదలైన పీఎం జన్‌మన్ కింద కూడా ఇళ్లున్నాయి. ఈ ఇల్లు మనకు ఒక్కసారే వస్తుంది. మళ్లీ మన పిల్లలు కట్టుకునే దాకా అదే. అందుకే పునాది తీసే ముందే మాట్లాడుకోవాలి.

మేస్త్రీని అడగాల్సినవి నాలుగైదు ఉన్నాయి. ఇచ్చిన కొలతలోనే ముందు వసారాకు చోటు ఉంచమనండి. గోడల మీద నీడ పడేలా కప్పును బయటికి చాపమనండి. ఎదురెదురు గోడలకు కిటికీలు, పైన వెంటిలేటర్లు పెట్టించండి, వేడిగాలి పైనుంచే పోతుంది. వంట చోట పొగ పోయే దారి ఉండాలి. స్లాబు మీద తెల్లటి సున్నం పూత వేస్తే ఎండాకాలం లోపల వేడి తగ్గుతుంది. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. ఇంటి జాగాలో ఉన్న వేపచెట్టును, ఇప్పచెట్టును కొట్టకండి. పాత ఇల్లు నిలబడి ఉంటే, నిబంధన అడ్డు రాకపోతే, కూల్చకుండా వెనుక ధాన్యానికి, వంటకు ఉంచుకోండి. ఇప్పటికే చాలా గూడేల్లో జనం చేస్తున్నది అదే. స్లాబు ఇంట్లో టీవీ, మంచం ఉంటాయి. మధ్యాహ్నం ముసలమ్మ మాత్రం పాత పెంకుటింట్లోనే కునుకు తీస్తుంది. గుమ్మికి, పెద్దలకు పెట్టే మూలకు, దండారి వస్తే కూర్చునే వాకిలికి చోటు ఎక్కడో ముందే గీసి చూపించండి. మనం చెప్పకపోతే అవి ఆ మేస్త్రీకి ఎలా తెలుస్తాయి?

పెద్దలకు ఇంకో మనవి. న్యూజిలాండ్‌లో మావోరీ ప్రజల సభాగృహం ఉంటుంది. దాని భాగాలన్నిటికీ వాళ్ల పూర్వీకుడి శరీరం పేర్లే. నడిమి దూలం ఆయన వెన్నెముక, వాసాలు పక్కటెముకలు, ముందు వాలు పలకలు చాచిన చేతులు. పిల్లలు ఆ ఇంట్లో కూర్చుంటే తాత ఒళ్లో కూర్చున్నట్టే. మన గుంజకు, వాసానికి, చూరుకు, అటకకు, పొయ్యి మూలకు గోండీలో, కొలామీలో పేర్లున్నాయి. ఇల్లు మారుతుంటే ఆ మాటలు కూడా దూలాలతో పాటు కూలుతున్నాయి. మా హాస్టల్ పిల్లల్లో సగం మందికి ఆ మాటలు రావు. సంఘం వాళ్లు ఒక ఇంటి బొమ్మ గీయించి, ప్రతి భాగం పక్కన పెద్దలు చెప్పిన పేరు రాయించి, ప్రతి ఆశ్రమ పాఠశాల గోడకు పెట్టాలని కోరుతున్నాను. పెద్ద ఖర్చు కాదు. పేర్లు చెప్పగల తాతలు, అవ్వలు ఉండగానే జరగాలి.

తోటి టీచర్లకు ఒక మాట. 'మా ఇల్లు' అని రాయమన్నప్పుడు పందిరి, సొర తీగ, తడిక, గుమ్మి రాసిన పిల్లకు పూర్తి మార్కులు వేయండి. అది తప్పు లేకుండా చూసి రాసిన వాక్యం. గైడులో ఉన్న సోఫాకు మార్కులు వేయకండి.

చివరగా ఆడవాళ్లకు. ఇళ్ల జాబితా చదివే గ్రామసభకు మనం పోతాం, పేరు ఉందో లేదో విని లేచి వచ్చేస్తాం. ఈసారి లేవకండి. ఇంటి నమూనా కాగితం చూపించమని అడగండి. పొయ్యి ఎక్కడ, పొగ ఎటు పోతుంది, స్నానాల గది తలుపు ఎటు తెరుచుకుంటుంది అని అడగండి. ఆ ఇంట్లో ఎక్కువ గంటలు గడిపేది మనమే కాబట్టి, ఆ కాగితం మీద ముందు మన వేలు పడాలి.